ఐదో యూనిట్ మేడం

ఆమెను అసలు పేరుతో పిలిచేది ఇంట్లో పెద్దవాళ్ళు, జీతాల గుమాస్తా మాత్రమే. మిగతా యూనివర్సిటీ అంతటికీ ఆమె ఐదో యూనిట్ మేడం. పిల్లలు పెట్టిన పేరది. ఎదురుగా అనేవారు కాదు కానీ, క్యాంటీన్లో ఆమె కనిపిస్తే "ఐదో యూనిట్ వస్తోంది, పుస్తకం మూసేయండి" అని నవ్వుకునేవారు. మొదట్లో ఆమె మొహం మాడ్చుకునేది. ఏళ్ళు గడిచేకొద్దీ అదీ మానేసింది.

ఐదో యూనిట్ అంటే ఏమిటో బిజినెస్ కోర్సు చదవనివాళ్ళకు చెప్పాలి. ఏ పేపరుకైనా పాఠం ఐదు భాగాలుగా ఉంటుంది. సెలవులు, సమ్మెలు, మీటింగులు పోగా మొదటి నాలుగూ ముగించేసరికి మాస్టర్లకు తలప్రాణం తోకకొస్తుంది. ఐదోది "మీరే చదువుకోండి" అని చెప్పి చేతులు దులుపుకుంటారు. పరీక్షలో ఎనిమిది ప్రశ్నలిస్తారు. మొదటిది తప్పక రాయాలి, మిగతా ఏడింట్లో ఏవో నాలుగు రాస్తే చాలు. ఆ మొదటి ప్రశ్న ఎప్పుడూ రెండో యూనిట్ నుంచే వస్తుంది. అలా రావాలని ఏ కాగితం మీదా లేదు, కానీ పేపరిచ్చేవాళ్ళు తరతరాలుగా అలాగే ఇస్తున్నారు. కాబట్టి ఐదో యూనిట్ ముట్టుకోకుండానే కుర్రకారు డిగ్రీలు పుచ్చుకుని బయటపడతారు. పైనుంచి ఏదైనా కొత్త ఆర్డరొస్తే దాన్ని తెచ్చి ఐదో యూనిట్లో పడేయడం కూడా అందుకే. పెరటి గదిలో విరిగిన కుర్చీ పడేసినట్టు. పారేసిన పాపం రాదు, అడ్డమూ ఉండదు.

ఎనిమిదేళ్ళ కిందట అలాంటి ఆర్డరే ఒకటి వచ్చింది. వ్యాపారం చదివే పిల్లలందరికీ నీరు, గాలి, నేల పాడుచేయకుండా వ్యాపారం చేయడం నేర్పాలని. హెడ్డుగారు ఆమెను గదికి పిలిచి, "కొనుగోళ్ళ పేపరు మీదే కదా మేడం, ఐదో యూనిట్లో ఒక పేజీ రాసిచ్చేయండి. ఎవరికీ నష్టం లేదు," అన్నాడు. ఆయన మంచివాడే. కడుపులో చల్ల కదలకుండా రిటైరైపోవాలన్నది తప్ప ఆయనకు వేరే కోరిక లేదు.

ఆమె ఒక పేజీ రాయలేదు. మూడు నెలలు కూర్చుని, తిండి కూడా మరిచిపోయి రాసింది. ఆ పని ఆమెకు అంతలా ఎందుకు పట్టిందంటే చెప్పడం కష్టం. టైపు ఇన్‌స్టిట్యూట్లో పదేళ్ళు వేళ్ళు నొప్పెట్టేలా ఇతరుల ఉత్తరాలు కొట్టి, సాయంత్రం కాలేజీలో చదివి, ముప్ఫై దాటాక లెక్చరరైన మనిషి. ఇతరులు రాసింది కాక తనదంటూ ఒకటి రాయడం అదే మొదలు. క్లాసుకు ఒక పాత ప్యాంటు పట్టుకెళ్ళి, "ఈ గుడ్డ ఎక్కడ నేశారు, ఈ రంగు ఎక్కడ వేశారు, ఆ రంగు నీళ్ళు ఎక్కడికి పోయాయి, చెప్పండి," అని అడిగేది. పిల్లలు ఆ ప్యాంటు ఎవరిదా అని గుసగుసలాడుకునేవారు.

"మావారిది," అని ఆమే చెప్పేసేది.

ఆమె క్లాసులో తప్ప, యూనివర్సిటీ కింద ఉన్న ఇరవై మూడు కాలేజీల్లో ఆ పాఠం ఎవరూ చెప్పలేదు. ఆమె ప్రతి ఏడూ మీటింగులో లేచి అడిగేది. ప్రతి ఏడూ గోడకు చెప్పినట్టే ఉండేది. బస్సు డిపోలో టైమ్‌కీపరుగా పనిచేసే భర్త, "నీ యూనిట్ మా చివరి స్టాపు లాంటిదే. అక్కడిదాకా బస్సెళ్ళాలి, రూలు. దిగేవాడుండడు," అనేవాడు. ఆయన వేళాకోళానికే అనేవాడు కానీ ఆమెకు చురుక్కుమనేది.

ఈ ఏడు, పరీక్షలకు రెండు నెలల ముందు, పరీక్షల విభాగం నుంచి లక్కముద్ర వేసిన కవరొకటి ఆమె చేతికొచ్చింది. కొనుగోళ్ళ పేపరుకు ప్రశ్నలు ఆమెనే ఇమ్మన్నారు. ఆ మాట భర్తతో సహా ఎవరికీ తెలియకూడదు. కవరులో ఒక హామీ పత్రం కూడా ఉంది. నా భర్త గానీ, పిల్లలు గానీ, తోబుట్టువులు గానీ ఈ పరీక్ష రాయడం లేదని సంతకం పెట్టాలి.

ఆమెకు పిల్లలు లేరు. కానీ చెల్లెలి కూతురు మూడేళ్ళుగా ఆమె ఇంట్లోనే ఉండి, ఊళ్ళోనే ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో ఇదే కోర్సు చదువుతోంది. ఇదే పేపరు రాయబోతోంది. ఆ పత్రంలో చెల్లెలి కూతురన్న మాట లేదు. లేదు కాబట్టి సంతకం తప్పు కాదు. అయినా పెన్ను పట్టుకుని ఆమె పావుగంట కూర్చుంది. వద్దని కవరు వెనక్కి పంపేయొచ్చు. పంపితే ఇంకొకరికిస్తారు, ఆ ఇంకొకరు మొదటి ప్రశ్న రెండో యూనిట్ నుంచే ఇస్తారు, ఇంకో ఎనిమిదేళ్ళు గడుస్తాయి. ఆమె సంతకం పెట్టింది. అది తప్పేనని ఆమెకు అప్పుడే తెలుసు, ఆ మాట దాచడం ఎందుకు.

తప్పక రాయాల్సిన మొదటి ప్రశ్న, ఇరవై మార్కులది, ఆమె ఐదో యూనిట్ నుంచి ఇచ్చింది. "మీరొక బట్టల కంపెనీలో కొనుగోళ్ళ అధికారి. అందరికంటే తక్కువ ధరకు మీ బట్టకు రంగువేసి ఇచ్చే షెడ్డు, వాడిన నీళ్ళను శుద్ధి చేయకుండా కాలువలోకి వదులుతోందని మీకు తెలిసింది. ఏం చేస్తారు? కారణాలతో రాయండి." రాసి, మడిచి, లక్క కరిగించి ముద్ర వేసింది. అంత సంతోషం ఆమెకు పెళ్ళిలో కూడా కలగలేదు.

ఆ సంతోషం వారం నిలవలేదు. అమ్మాయి చదువుకునేది అన్నాలు తినే బల్ల మీదే. మేడం కూర తరుగుతూ ఎదురుగా కూర్చునేది. అమ్మాయి చేతిలో ఒక గైడు ఉండేది, దాన్ని రాసిన మహానుభావుడెవరో ఐదో యూనిట్ దగ్గర "పరీక్ష దృష్ట్యా ముఖ్యం కాదు" అని లావు అక్షరాలతో అచ్చువేయించాడు. అమ్మాయి నాలుగో యూనిట్ అవగొట్టి, మళ్ళీ మొదటికి తిప్పేది.

"అన్నీ చదువు," అంది మేడం ఒకరోజు.

"అన్నీ చదువుతున్నా పెద్దమ్మా."

"అన్నీ అంటే అన్నీ."

అమ్మాయి నవ్వింది. "నువ్వు రాసిన యూనిట్ అని చదవాలా ఏంటి? పరీక్షలో ఎవరిస్తారు దాన్ని?"

మేడం వంకాయ బదులు వేలు కోసుకుంది. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పినా పేపరు బయటపెట్టినట్టే. ఆమె నోరు కుట్టేసుకుంది. ఆ తర్వాత నెలన్నర, ఆ పిల్ల పుస్తకం తీసినప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒంటిపూట తిండితో చిక్కి సగమైంది. "డాక్టరుకు చూపించుకో," అని భర్త పోరు పెట్టాడు. ఏ డాక్టరుకని చూపిస్తుంది?

పరీక్ష రోజు పది గంటలకు బెల్లు కొట్టారు. పదీ ఇరవైకి డిపార్టుమెంటులో ఫోను మోగింది. పదిన్నరకు మూడు ఫోన్లు ఒకేసారి మోగుతున్నాయి. పన్నెండు కాలేజీల్లో పిల్లలు కాగితాలు బల్లల మీద పడేసి బయటికొచ్చేశారు. "చెప్పని పాఠం నుంచి ప్రశ్నెలా ఇస్తారు?" అన్నది వాళ్ళ కేక. అది న్యాయమైన కేకే. మధ్యాహ్నానికి యూనివర్సిటీ గేటు ముందు రెండు వందల మంది బైఠాయించారు. హెడ్డుగారు కిటికీలోంచి చూసి, తలుపు గడియపెట్టి, మంచినీళ్ళు తాగి, "ఎవరిచ్చారో గానీ మన కొంప ముంచారు," అన్నాడు. అంటూ ఆమె వైపే చూశాడు.

 ఆమె భయం కొలువు గురించి కాదు. ఇంట్లో ఉన్న పిల్ల ఇరవై మార్కులు పోగొట్టుకుని వస్తుంది, అదీ తన మూలంగా. చెల్లెలికి ఏ మొహంతో చెప్పడం?

ఆమె ఇంటికెళ్ళేసరికి అమ్మాయి చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూర్చుని ఉంది.

"మా హాల్లో నలభై మందిమి. ముప్ఫై ఐదు మంది లేచిపోయారు పెద్దమ్మా," అంది.

"నువ్వు?"

"నేను కూర్చున్నా. రాశాను."

"ఏది?"

"మొదటిదే. ఆరు పేజీలు."

మేడం వచ్చి పిల్ల పక్కన గుమ్మంలోనే కూర్చుంది. మూడేళ్ళుగా అన్నం తింటూ, బట్టలు ఆరేస్తూ, దీపం వెలిగిస్తూ తను వాగిన వాగుడంతా ఈ పిల్ల చెవిన వేసుకుందన్నమాట. ఇరవై మూడు కాలేజీలు వినకపోతే పోయాయి. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అమ్మాయి ఆమె మొహంలోకి చూస్తూ మెల్లిగా అడిగింది. "పేపరు నువ్వే ఇచ్చావా?"

మేడం చూపు తిప్పుకుంది. అదే జవాబైపోయింది. ఆ క్షణంలోనే ఆమెకు ఇంకో సంగతి తట్టింది. పేపరిచ్చిన మనిషి ఇంట్లో ఉన్న పిల్ల, పక్కవాళ్ళంతా లేచిపోతుంటే, కూర్చుని ఆరు పేజీలు రాసింది. ఉప్పందించలేదంటే లోకంలో ఎవడు నమ్ముతాడు?

మర్నాడు పొద్దున్నే కంట్రోలర్ గారి గది నుంచి పిలుపొచ్చింది. పరీక్షల వ్యవహారమంతా ఆయన చేతిలో ఉంటుంది. గది నిండా ఇనప బీరువాలు, ఆ బీరువాలకు లక్కముద్రలు. హెడ్డుగారు ముందే వచ్చి ఒక మూల కూర్చుని ఉన్నాడు. కిటికీ అవతల గేటు దగ్గర నినాదాలు వినిపిస్తున్నాయి.

కంట్రోలర్ గారు గొంతు పెంచే మనిషి కాదు. తెల్లకాగితం ఒకటి ఆమె ముందుకు జరిపాడు.

"రెండు ముక్కలు రాయండి మేడం. మొదటి ప్రశ్న పొరపాటున ఐదో యూనిట్ నుంచి ఇచ్చానని. ప్రశ్న రద్దు చేస్తాం. ఇరవై మార్కులూ అందరికీ వేసేస్తాం, హాలు వదిలి పోయినవాళ్ళకు మిగతా ప్రశ్నలు మళ్ళీ పెడతాం. గొడవ సాయంత్రానికి చల్లారిపోతుంది."

"పొరపాటు కాదండీ. సిలబస్‌లో ఉంది. మొదటి ప్రశ్న ఏ యూనిట్ నుంచైనా ఇవ్వొచ్చని రూల్లో ఉంది."

"రూల్లో ఉంది. కాదనను." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ప్రశ్న ఉంచితే పేపర్లు దిద్దాలి. దిద్దితే, అంతమంది వదిలేసినచోట ఎవరు బాగా రాశారో బయటికొస్తుంది. అప్పుడు ఎవరి ఇంట్లో ఎవరున్నారని అడుగుతారు. మీ ఇంట్లో ఒక అమ్మాయి ఉందట కదా."

హెడ్డుగారు నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు. చెప్పింది ఎవరో ఆమెకు అర్థమైంది.

"ఆ పిల్లకు నేను ఒక్క మాట చెప్పలేదు," అంది. 

"నేను నమ్ముతాను మేడం. విచారణ కమిటీ నమ్మాలి కదా. నమ్మకపోతే ఆ పిల్లకు మూడేళ్ళు పరీక్షలు రాసే వీలుండదు. ఆలోచించుకోండి."

ఆయన బెదిరించలేదు, ఉన్నమాటే చెప్పాడు. అందుకే అది అంతలా తగిలింది. ఆమె కాగితం వంక చూస్తూ కూర్చుంది. పొరపాటని రాస్తే ఐదో యూనిట్ పని అయిపోయినట్టే, ఇక జన్మలో ఎవరూ దాని నుంచి ప్రశ్నివ్వరు. రాయకపోతే చెల్లెలి కూతురి మెడకు ఉరి. ఇక బయట అరుస్తున్న పిల్లల సంగతి. పాఠం చెప్పని మాస్టర్లది తప్పు, శిక్ష మాత్రం పిల్లలకు. వాళ్ళకెవరూ చెప్పలేదని ఆమెకు ముందే తెలుసు. తెలిసే ఇచ్చింది. ఆ సంగతి ఎంత దులుపుకున్నా ఆమెను వదలలేదు.

పది నిమిషాల తర్వాత ఆమె తలెత్తి, కంట్రోలర్ గారితో కాదు, హెడ్డుగారితో మాట్లాడింది.

"ఇవాళ మధ్యాహ్నం మూడింటికి సిలబస్ మీటింగుంది కదండీ."

"ఉంది మేడం."

"ఐదో యూనిట్‌ను మొదటి యూనిట్‌గా మార్చండి. అలా మార్చినట్టు మినిట్స్‌లో రాసి నాకు చూపించండి. నాలుగింటికి ఈ కాగితం మీద సంతకం పెడతాను."

హెడ్డుగారి మొహంలో ప్రాణం లేచొచ్చింది. ఇంకేమడుగుతుందో అని హడలిపోయి ఉన్నాడు పాపం. "అదెంత పని మేడం, నంబరు మార్చడమే కదా," అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు కూడా. మీటింగులో ఎవరూ కిమ్మనలేదు, టీ చల్లారకముందే అయిపోయింది. మొదటి యూనిట్‌ను ఏ కాలేజీలోనూ ఎగ్గొట్టలేరు, సెమిస్టరు మొదలయ్యేదే దానితో. ఇరవై మూడు కాలేజీల్లో, మూడు వేల మంది పిల్లలు, మొట్టమొదటి రోజున ఆమె రాసిన పాఠం వింటారు. నాలుగు గంటలకు ఆమె "పొరపాటు" అన్న మాట రాసి సంతకం పెట్టింది. రాసింది అబద్ధమే. అయినా గెలిచాననే అనుకుంది. గేటు దగ్గర పిల్లలు ఈలలు వేస్తూ ఇళ్ళకు పోతున్నారు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆమె దారిలో ఆగి, అరటిపళ్ళు కొనుక్కుని మరీ ఇంటికెళ్ళింది.

అమ్మాయి డాబా మీద ఆరిన బట్టలు మడతపెడుతోంది. మేడం పక్కన కూర్చుని, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పింది. ఇక భయం లేదని, అందరికీ ఇరవై మార్కులొస్తాయని, యూనిట్ మొదటికి వచ్చిందని.

అమ్మాయి చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. "మరి నేను రాసింది?"

"దాన్నిక దిద్దరు. అడ్డంగా గీత కొట్టి ఇరవై వేసేస్తారు."

"అంటే ఎవరూ చదవరా?"

"చదవరమ్మా. పోనీలే, నాకు చెప్పు, నేను వింటాను. నేనన్న మాటలేగా రాశావు."

"నువ్వన్నవి కావు పెద్దమ్మా."

మేడం నవ్వబోయి ఆగిపోయింది.

"నాన్న ఏం పని చేస్తాడో నీకు తెలుసా?" అంది అమ్మాయి.

"రంగుల షెడ్డులో సూపర్వైజరు కదా మా మరిది."

"నీళ్ళకు సూపర్వైజరు. తెల్లారకముందు వాల్వు తిప్పి కాలువలోకి వదిలేది నాన్నే. శుద్ధిచేసే మిషను ఉంది. నడపరు. నడిపితే, కొనేవాళ్ళిచ్చే రేటుకు గిట్టదు. ఏటా బట్టల కంపెనీవాళ్ళొచ్చి రేటు తగ్గించమని కూర్చుంటారు, తగ్గించకపోతే పక్క షెడ్డుకు పోతామంటారు. ఓనరు తగ్గిస్తాడు, నాన్న వాల్వు తిప్పుతాడు. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంటాడు." అమ్మాయి ఒక్కొక్కటే చొక్కా గుండీలు పెడుతోంది. "ఆ షెడ్డు మానేసి ఇంకోటి చూసుకుంటామని అందరూ రాస్తారని నాకు తెలుసు. నేనలా రాయలేదు. ముందు నేనిచ్చే రేటు చూసుకుంటానని రాశాను. ఆ రేటుకు నీళ్ళు శుభ్రం చేయడం కుదురుతుందో లేదో బేరమాడేటప్పుడే అడుగుతానని రాశాను."

ప్రశ్నతో పాటు పేపరు దిద్దేవాళ్ళ కోసం మేడం అప్పుడే జవాబు కూడా రాసి పంపింది. "ఆ షెడ్డుతో ఒప్పందం వెంటనే రద్దు చేయాలి" అన్నది అందులో మొదటి వాక్యం.

"ఇన్నేళ్ళలో నాతో ఒక్కసారైనా చెప్పలేదేమే?"

"నువ్వడగలేదుగా. చెబితే క్లాసులో చెబుతావని భయం కూడా. నాన్న ఉద్యోగం పోతుంది. జవాబు పత్రం మీద పేరుండదు, నంబరే కదా. ముక్కూ మొహం తెలియనివాళ్ళెవరో చదువుతారు, చదివి ఊరుకుంటారు అనుకున్నా. ఒక్కరైనా చదువుతారనుకున్నా."

 చొక్కా మడతపెడుతూ అమ్మాయి అడిగింది. "ఏ పేపరుకైనా మొదటి యూనిట్లో ఏముంటాయి పెద్దమ్మా?"

"నిర్వచనాలు, ఉద్దేశాలు."

"అవి బట్టీపడతాం. రాసేసి మరిచిపోతాం." మడతపెట్టిన చొక్కా దొంతర మీద పెట్టింది. "రెండో యూనిట్లో పెట్టాల్సింది. బేరం అక్కడే కదా నేర్పేది."

సిలబస్ ఒకసారి మార్చాక మళ్ళీ మూడేళ్ళదాకా ముట్టుకోరు. ఆ సంగతి మేడం పిల్లతో అనలేదు. ఆమెకు సిగ్గేసింది. తన మాట ఎవరూ వినలేదని ఎనిమిదేళ్ళు అందరి మీదా అలిగిన మనిషి, తన ఇంట్లో ఉన్న పిల్ల, పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి నోరువిప్పి చెప్పిన మాటను, తన సంతకంతోనే కొట్టేయించింది.